ఒంటి తూటా దొడ్డమునియప్ప

బేతమంగళ చుట్టుపక్కల ఊళ్ళలో దొడ్డమునియప్ప ఇల్లు ఎక్కడని అడిగితే, ఏ దొడ్డమునియప్ప అని ఎదురు అడుగుతారు. ఆ పేరు గలవాళ్ళు వీధికొకరు ఉన్నారు. ఒంటి తూటా దొడ్డమునియప్ప అని అడిగితే మాత్రం బస్సు కండక్టరు కూడా వేలెత్తి ఇల్లు చూపిస్తాడు. ముప్ఫై ఏళ్ళ కిందట ఆయన ఒకే ఒక్క తూటాతో దూడంత అడవిపందిని పడగొట్టాడు. పడ్డ రోజు అది మేకంతే ఉండేది. చెప్పుకున్నకొద్దీ మేత మేసి పెరిగింది.

పందిని పడగొట్టడం ఒక గొప్ప. ఆ తర్వాత జరిగింది ఇంకా గొప్ప. పంది వెళ్ళి దాయాది బచ్చప్ప చేలో పడింది. నా చేలో పడింది కాబట్టి నాదేనని బచ్చప్ప గట్టు మీద నిలబడి నోరు పారేసుకున్నాడు. పంది మాట అయ్యాక గట్టు మాట ఎత్తాడు, గట్టు మాట అయ్యాక తాతల నాటి పంపకాల మాట ఎత్తాడు. అటువైపు చేతిలో తుపాకి, ముక్కు మీద కోపం ఉన్న దొడ్డమునియప్ప. వెనక ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టుకుని చూస్తోంది. దొడ్డమునియప్ప తుపాకి దించి, "ఒకటి చాలు" అన్నాడు. అని, పందిని కూడా వదిలేసి ఇంటికి నడిచాడు. గురి ఉన్నవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు, గురీ గుణమూ కలిసి ఉన్నవాణ్ణి ఇప్పుడే చూశామని ఊరు చేతులు జోడించింది.

జరిగిందేమిటంటే, రెండో తూటా ఇరుక్కుపోయింది.

"ఒకటి చాలు" అనే ముందు ఆయన రెండో తూటా ఎక్కించడానికి తుపాకి బోల్టు వెనక్కి లాగి ముందుకు తోశాడు. తూటా గొట్టంలోకి పోకుండా మూతి వంచి లోపలి గోడకు గుద్దుకుని ఆగిపోయింది. మళ్ళీ తోశాడు. కదల్లేదు. పంది అప్పటికే చచ్చి పడి ఉంది కాబట్టి ఆ రెండో తూటా పంది కోసం కాదు. ఎదురుగా గట్టు మీద నిలబడి ఉన్నది బచ్చప్ప ఒక్కడే. ఆ సాయంత్రం ఇంటికి పోయి, తలుపు గడియ పెట్టుకుని, వేపపుల్లతో పొడిచి పొడిచి ఆ తూటాను బయటికి తీశాడు. ఈ సంగతి తనకూ తుపాకికీ తప్ప ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం.

ఆ నమ్మకం మీదే ముప్ఫై ఏళ్ళు దర్జాగా బతికాడు. బడిలో జెండా ఎగరేయడానికి ఆయన్నే పిలిచారు. పెళ్ళిళ్ళలో ముందు వరస కుర్చీ ఆయనదే. ఎక్కడ ఇద్దరు కొట్టుకున్నా, ఓపిక అంటే ఏమిటో ఆయన్ని చూసి నేర్చుకోండని పెద్దవాళ్ళు బుద్ధి చెప్పేవాళ్ళు. పంటకాపు లైసెన్సు మీద ఏడాదికోసారి పందుల వైపు ఒక తూటా పేల్చేవాడు. తగిలినా తగలకపోయినా "ఒకటి చాలు" అని దిగిపోయేవాడు. మిగిలినవి ఇంట్లో గడియ పెట్టుకుని వేపపుల్లతో పొడిచి తీసేవాడు. గుట్టు బయటపడకుండా ఒక శాస్త్రం కూడా తనే పుట్టించాడు. ఆయుధం కడుపు విప్పకూడదట, విప్పితే ఇంటికి అరిష్టమట. ఆ శాస్త్రం ఏ పంచాంగంలోనూ లేదు, అయినా ఇంట్లో అందరూ పాటించారు.

ఈ ఏడు ఆయుధ పూజ అయిన కొద్ది రోజులకే చిక్కు వచ్చిపడింది.

ఎండిపోయిన చెరువు లోపల తుమ్మచెట్లు పెరిగి అడవిపందులకు అక్కడ కాపురం కుదిరింది. కొడుకు పురుషోత్తమ్ వేసిన వేరుశనగను రోజూ వరస తప్పకుండా తవ్వి తినిపోతున్నాయి. పురుషోత్తమ్ ఆఫీసుల చుట్టూ తిరిగి వాటిని కాల్చడానికి పర్మిషన్ తెచ్చాడు. లైసెన్సు తండ్రి పేరు మీద ఉంది కాబట్టి తెల్లవారుజామున ముసలాయన్ని మంచె ఎక్కించి, తనూ పక్కన కూర్చున్నాడు. పంది వచ్చింది. దొడ్డమునియప్ప పేల్చాడు. తూటా పంది వైపు కాకుండా చెరువు వైపు పోయింది.

"ఇంగోటి కాల్చు నాయనా!"

"ఒకటి చాలు."

"తప్పిపోయింది గదా, ఏం చాలేది?" అంటూ పురుషోత్తమ్ తుపాకి లాక్కుని తనే బోల్టు లాగి తోశాడు. తూటా మూతి వంచి ఇరుక్కుంది. పంది తీరుబడిగా ఇంకో నాలుగు వేరుశనగ మొక్కలు పీకి తిని మరీ వెళ్ళింది.

అది కడుపుతో ఉన్న పంది అని, చెయ్యి రాలేదని దొడ్డమునియప్ప ఊళ్ళో చెప్పాడు. ఊరు అయ్యో పాపం అని నమ్మింది. పురుషోత్తమ్ నమ్మలేదు.

"దాని కోరలు నేను చూసినాను నాయనా. మగపందికి కడుపెట్ల వస్తాది? ఊరికే సుమ్నే ఉండు. రేపు కేజీఎఫ్‌కు పోయి తుపాకి బాగు చేయించుకొని వద్దాం."

"ఆయుధం కడుపు విప్పగూడదు రా."

"మన కడుపు ఎండిపోతా ఉంటే దాని కడుపు విప్పితే ఏమయితాది?"

దీనికి శాస్త్రంలో సమాధానం లేదు. దొడ్డమునియప్ప ఆ రోజంతా లెక్కలు వేశాడు. తుపాకి బాగైతే రెండోది పేలుతుంది. పేలితే ఇన్నాళ్ళూ ఎందుకు పేల్లేదని ఎవడో ఒకడు అడుగుతాడు. అడిగితే గట్టు మీది సంగతి దాకా పోతుంది. ఒంటి తూటా మహానుభావుడు కాస్తా, దాయాదిని కాల్చబోయి తుపాకి మొరాయించినందువల్ల మంచివాడైన మనిషిగా తేలతాడు. ఎనభైకి దగ్గర పడిన వయసులో కొత్త పేరుతో బతకడం ఆయనకు చేతకాదు.

మర్నాడు తుపాకిని దుప్పట్లో చుట్టి బస్సెక్కారు. పక్క సీటావిడ అదేమిటని అడిగితే, పంపుసెట్టు పైపని పురుషోత్తమ్ చెప్పాడు. చాంపియన్ రీఫ్స్ దగ్గర పాత బంగారు గని షాఫ్టు మీది ఇనుప చక్రాలు కనబడగానే దొడ్డమునియప్ప వాటికి దండం పెట్టుకున్నాడు. అవి దేవుళ్ళు కావని ఆయనకు తెలుసు. బస్సు చెడిపోయేట్టు చూడమని ఎవర్నో ఒకర్ని అడగాలి కదా. బస్సు చెడిపోలేదు.

తుపాకులు బాగుచేసే లైసెన్సు ఉన్న మునీంద్ర దుకాణం రాబర్ట్‌సన్‌పేటలో ఒక సందు చివర ఉంది. మునీంద్ర తండ్రి గని వర్క్‌షాపులో పనిచేశాడు. మునీంద్రకు తండ్రి నుంచి పనిముట్లు వచ్చాయి, నోరు మాత్రం సొంతంగా సంపాదించుకున్నాడు. తుపాకి దగ్గితే చాలు, జబ్బేదో చెప్పేస్తానని దుకాణానికి వచ్చిన ప్రతివాడితోనూ అంటాడు. అతను మందు లేని ఉత్తుత్తి తూటాలు ఐదు తీసి మేగజీను పెట్టెలో నింపి బోల్టు ఆడించాడు. మొదటిది సాఫీగా పోయింది. రెండోది మూతి వంచింది. ఇంకోసారి చేశాడు. మళ్ళీ అంతే.

"చూడు పెద్దాయప్పా," అన్నాడు మునీంద్ర, వినేవాళ్ళు దొరికిన సంతోషంతో. "దీన్ని చాంపియన్ రీఫ్స్ గని షాఫ్టు అనుకో. తూటాలు కేజ్ బోనులో నిలబడిన కూలోళ్ళు. కింద ఉండే స్ప్రింగు వాళ్ళని పైకి లాగే ఇంజిను. కేజ్ నిండుగా ఉంటే పైనోడు బయటికి దగ్గిరే ఉంటాడు, ఎట్లో ఎగిరి దూకేస్తాడు. రెండోవాణ్ణి ఇంజిను లేపాల. మీ ఇంజిను వెనక పక్క లేస్తా ఉండాది, ముందర పక్క లేస్తా లేదు. వాడు తల వంచి గోడకి గుద్దుకుంటా ఉండాడు."

"ఎప్పుట్నుంచి చెడింటుంది?" అన్నాడు పురుషోత్తమ్.

"ఈ ఎలక్షన్లప్పుడే," అన్నాడు దొడ్డమునియప్ప తొందరగా. "తుపాకిని పోలీసు స్టేషన్‌లో పెట్టి తెచ్చినాం గదా. ఆడ ఎవరో కింద పడేసింటారు."

మునీంద్ర టార్చి వేసి గొట్టం మొదట్లోకి చూశాడు. తూటా మూతి గుద్దుకునే చోట ఇనుము అరిగి, గుంట పడి, తళతళలాడుతోంది. అతను టార్చి ఆర్పి ముసలాయన మొహంలోకి చూశాడు.

"ఈ గుంట ఈ ఎలక్షన్ది కాదే..."

"పురుషోత్తమా, పోయి టీ తీసుకొని రా పో."

"ఇక్కడికే తెప్పిస్తాను లేప్పా," అన్నాడు మునీంద్ర.

"వద్దు, వద్దు. చక్కెర లేకుండా కావాల నాకు. ఇంగెవరికి చెప్పినా మర్చిపోతారు. నువ్వే పోరా."

పురుషోత్తమ్ సందు మలుపు తిరిగేదాకా చూసి, దొడ్డమునియప్ప మునీంద్ర రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అప్పా, దీన్ని బాగు చెయ్యొద్దు. చేసినానని చెప్పి ఇచ్చెయ్. నీకు పుణ్యముంటాది."

మునీంద్ర ఆ చేతుల వైపు చూశాడు. "బాగు చెయ్యమని బతిమాలినోళ్ళని చూసినాను, తిట్టినోళ్ళని చూసినాను. చెయ్యొద్దని చేతులు పట్టుకునేది నువ్వే ఫస్టు. ఏం కథ?"

"నాకొక పేరుండాది."

"ఏం పేరు?"

దొడ్డమునియప్ప నేల చూస్తూ పేరు చెప్పాడు, ఇరుక్కున్న తూటాను వేపపుల్లతో తీస్తానని కూడా చెప్పాడు. మునీంద్ర స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. "ఓహో, ఆ ఒంటి తూటా నువ్వేనా! మా మామది మీ పక్కూరే. నా పెండ్లిలో మూడు గంటలు నీ కథే చెప్పినాడప్పా. మూర్తం దాటిపోతా ఉండాదని అయ్యోరు లేచి అరిస్తే గానీ నిలపలేదు." అని నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళు తుడుచుకుని, ముసలాయన మొహం చూసి నవ్వు ఆపుకున్నాడు. "అయితే ఒక మాట విను. తూటా సగం లోపల, సగం బయట ఇరుక్కొనుంటే నువ్వు వేపపుల్లతో పొడుస్తావు. రేపు నీ కొడుకు ఇనుపకడ్డీతో పొడుస్తాడు. పేలితే వాని మొహం మీదే పేల్తాది. అట్లాంటి తుపాకి నా దుకాణం దాటి పోదు. నీ పేరు నువ్వు చూసుకో, నా పని నన్ను చెయ్యనీ."

కొడుకు మొహం మాట వచ్చేసరికి దొడ్డమునియప్ప చేతులు వదిలేశాడు.

మునీంద్ర కింది పట్టీ నొక్కి మేగజీను ఊడదీసి, బల్ల మీద కాగితం పరిచి బోర్లించాడు. ముందు ఎర్రటి పొడి రాలింది. తర్వాత పసుపు. ఆ వెనక అక్షింతలు, ఎండిన చామంతి రేకలు, కర్పూరం తునక, గంధం పెళ్ళలు. ముప్ఫై ఆయుధ పూజలు ఒకదాని మీద ఒకటి పేరుకుని గట్టిపడి ఉన్నాయి.

"ఇది మేగజీనా, గుడి హుండీనా? దీనికి పూసింది ఏం నూనె?"

"ఆముదం."

"మేలు చేసినారు. బాలింతకు చేసేదంతా తుపాకికి చేసినారు."

స్ప్రింగు తీశాక మాత్రం మునీంద్ర వెక్కిరింపు ఆపేశాడు. మడతలు మడతలుగా ఉన్న ఆ ఇనుప పట్టీకి ముందు వైపున పసుపు దారం మూడు చుట్లు బిగించి కట్టి ఉంది. దారం నల్లబడింది, ముడి మాత్రం సడలలేదు. "ఇదిగో నీ జబ్బు. ఇది తనంతట తాను వచ్చింది కాదప్పా. ఎవరో కట్టు కట్టినారు."

దొడ్డమునియప్ప కళ్ళజోడు సర్దుకుని చూశాడు. చూడగానే స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఆ ముడి ఆయనకు బాగా తెలుసు. పట్టుపురుగులు గూళ్ళు అల్లే చంద్రికలను గోడకు కట్టేటప్పుడు పెళ్ళాం సొన్నమ్మ వేసే ముడి అది. ఎంత లాగితే అంత బిగుస్తుంది. ఆ ఇంట్లో ఇంకెవరికీ ఆ ముడి వేయడం రాదు.

మునీంద్ర దారం కోసి ముసలాయన చేతిలో పెట్టాడు. స్ప్రింగును కిరసనాయిల్లో కడిగి, వంపులు సరిచేసి, గుంట పడ్డ చోట సన్న ఆకురాయితో నునుపు చేశాడు. పురుషోత్తమ్ టీ తెచ్చేసరికి ఐదు ఉత్తుత్తి తూటాలూ ఒకదాని వెంట ఒకటి గొట్టంలోకి పోయి బయటికి ఎగిరిపడుతున్నాయి.

"భేష్!" అన్నాడు పురుషోత్తమ్. "ఏముండింది లోపల?"

"మురికి," అన్నాడు మునీంద్ర, ముసలాయన వైపు చూడకుండా.

ఇంటికి చేరేసరికి సొన్నమ్మ చావిట్లో కూర్చుని మల్బరీ ఆకు తరుగుతోంది. దొడ్డమునియప్ప పిల్లిలా వచ్చి, కొడుకు దొడ్డివైపు పోయాక, దారం తీసి ఆమె ముందు పడేశాడు.

"ఇదేంది?"

ఆమె కత్తి ఆపకుండానే ఓ చూపు చూసింది. "తెగిందా? గట్టిగానే కడితినే."

"ఎప్పుడు కట్టినావు?"

"తుపాకి తెచ్చిన సంవత్సరమే, ఆ పంది పడకముందే. గట్టు కాడ బచ్చప్ప మీదికి ఎగిరి, కాల్చి పారేస్తానని నువ్వు అరిస్తివి చూడు, దాని మర్నాడు ఆయుధ పూజ. మారమ్మ గుళ్ళో పూజారి దారం మంత్రించి ఇచ్చి, తుపాకి నోటికి కట్టమన్నాడు. నోటికి కడితే నీకు కనపడ్తాదని కడుపులో కట్టినాను. తుపాకి అమ్మిన అంగడాయప్ప తూటాల పెట్టె ఊడదీసి నీకు చూపిస్తా ఉంటే నేనూ చూస్తిని గదా."

"మరి మొదటిది ఎట్ల పొయ్యేది?"

"నాకేం తెలుసు? ఒకటీ పోకూడదనే కట్టినాను. దారం చాల్లేదు."

దొడ్డమునియప్పకు కోపం రావాలి. నోరు తెరిచాడు కూడా. అయితే కోప్పడాలంటే ఆ సాయంత్రం తను చేసిన పని ముందు చెప్పాలి. "ఆ పొద్దు గట్టు మీద నేను..." అని ఆగిపోయాడు.

"తెలుసు లే," అంది సొన్నమ్మ. "ఊరంతా నిన్ను మారాజు మారాజు అంటా మన వాకిట్లో నిలబడింది. నువ్వేమో సంగటి ముట్టకుండా గోడ పక్కకి తిరిగి పడుకుంటివి. మంచిపని చేసినోడు అట్ల పడుకుంటాడా?"

"మరి ఇన్నేండ్లూ ఒక్క మాటన్నా అనలేదే?"

"అనేదానికి ఏముండాది? నిన్ను పొగడను వచ్చినోళ్ళకి కాఫీలు పెట్టేదానికే నాకు పొద్దు చాల్లేదు." ఆమె తరిగిన ఆకు గంపలోకి ఎత్తుకుంది. "ఇప్పుడు బాగయింది గదా. ఇంగ నువ్వే చూసుకోవాల. నేనింగ వంగి దారాలు కట్టలేను, నడుము నొప్పి."

ఆయనకు సిగ్గేసింది. పెళ్ళాం ముందు సిగ్గుపడటం ఆ వయసులో కొత్త కాబట్టి, ఏం చేయాలో తెలియక గంప ఎత్తడానికి సాయం పట్టాడు.

మర్నాడు పొద్దువాలే వేళకు అందరూ చేను చేరారు. ఏర్పాటు సులువైనదే. పురుషోత్తమ్, ఇంకో నలుగురూ చెరువు వైపు నుంచి డబ్బాలు కొడుతూ పందులను తోలుకొస్తారు. మంచె మీంచి దొడ్డమునియప్ప కాలుస్తాడు. పురుషోత్తమ్ తండ్రి చేతికి ఐదు తూటాలూ ఇచ్చి, "ఒకటి చాలు గిలాలు అంటే నేను ఒప్పుకోను నాయనా. ఐదూ కాల్చాల," అని మరీ మరీ చెప్పిపోయాడు. గట్టు పక్క చేను తనదే కాబట్టి తనూ మంచె మీదే ఉంటానని బచ్చప్ప కర్ర పట్టుకుని ఎక్కివచ్చాడు.

ఇద్దరు ముసలివాళ్ళు, మధ్యలో తుపాకి. దొడ్డమునియప్ప ఒక్కొక్కటిగా ఐదూ నింపాడు. ఇప్పుడు ఒక్కటీ మొరాయించలేదు. ఒకటి చాలంటే పేరు నిలుస్తుంది, చేను పోతుంది. ఐదూ పేలిస్తే ఇన్నేళ్ళ పేరు ఐదు ముక్కలవుతుంది. అంతకంటే లోపల ఇంకో ముల్లు గుచ్చుకుంటోంది. ఎవరి కోసమైతే ఆ రెండో తూటా బయల్దేరిందో ఆ మనిషి పక్కనే కూర్చుని వక్కాకు నములుతున్నాడు.

"రేయ్ బచ్చప్పా. తుపాకి బాగయింది."

"విన్నానన్నా."

"ఇప్పుడు ఐదూ పోతాయి."

బచ్చప్ప నమలడం ఆపి, మంచె చివరకు కొంచెం జరిగాడు.

"ఎందుకురా జరుగుతావు?"

"ఊరికేనే."

దొడ్డమునియప్ప నీళ్ళు లేని చెరువు వైపు చూస్తూ, ఇన్నేళ్ళు మోసినదాన్ని దించేశాడు. "ఆ పొద్దు నేను దయ తలచలేదు రా. రెండోది ఇరుక్కున్నింది. అది... అది నీకే."

"తెలుసు," అన్నాడు బచ్చప్ప.

"ఎట్ల తెలుసు?"

"ఊరోళ్ళందరూ నీ వెనక ఉండ్రి. నీకెదురుగా నిలబడింది నేను గదన్నా. నువ్వు బోల్టు లాగి తోసింది వాళ్ళకి కనపడలేదు, నాకు కనపడింది. రెండుసార్లు తోస్తివి. మొదటిసారికే నాకు పంచె తడిసిపాయ. పందిని మోసుకొనిపోయినానని అందరూ అనుకున్నారు. పందిని అడ్డం పెట్టుకొని పోయినాను."

"మరి నా పేరు ఊరూరా చాటింది నువ్వే గదరా?"

"ఇంగెవరు? ఆ రాత్రంతా నాకు నిద్దర లేదు. పోలీసోళ్ళ కాడికి పోతే పగ ఇంకా పెరుగుతాది. పోకపోతే నువ్వు తుపాకి బాగు చేయించుకొని వస్తావు. అందుకే తెల్లారకముందే టీ అంగడి కాడ కూర్చొని మొదలుపెట్టినాను. మా దొడ్డన్న ఒంటి తూటా మనిషి, రెండోది కాల్చడు, దేవుడు అని. పేరంటే నీకెంత పిచ్చో నాకు తెలీదా? ఒకసారి ఆ పేరొచ్చినాక నువ్వు రెండోది కాల్చే పనే లేదు." బచ్చప్ప నోట్లోది పక్కకు ఉమ్మేసి, మీసం తుడుచుకున్నాడు. "చెప్పి చెప్పి నా నోరు పడిపాయ గదన్నా. బతకాలని చెప్పినాను. పోగా పోగా నాకే అది నిజమనిపించింది."

దొడ్డమునియప్పకు పూలదండ అనుకుని ఇన్నేళ్ళూ మెడలో వేసుకు తిరిగింది పలుపుతాడని తెలిసింది. ఒక కొస పెళ్ళాం పట్టుకుంది, ఇంకో కొస దాయాది పట్టుకున్నాడు. తను మాత్రం మహానుభావుడిలా మధ్యలో నడిచాడు. ముందు ఒళ్ళు మండింది. తర్వాత, ఆ తాడే లేకపోతే బచ్చప్ప ఈ సాయంత్రం ఇక్కడ కూర్చుని వక్కాకు నమిలేవాడు కాదు కదా అనిపించింది. తను కూడా ఈ మంచె మీద ఉండేవాడు కాదు, ఏ జైల్లోనో ఉండేవాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముసలి కళ్ళు, గాలికి కారుతున్నాయని బచ్చప్ప అనుకున్నా అనుకోవచ్చు.

చెరువు వైపు డబ్బాల మోత మొదలైంది.

దొడ్డమునియప్ప పట్టీ నొక్కి మేగజీను ఊడదీశాడు. ఆయుధం కడుపు ఆయన విప్పడం అదే మొదటిసారి. ఐదు తూటాలూ బొటనవేలితో తోసి తీశాడు. ఒకటి తన దగ్గర ఉంచుకుని, మిగిలిన నాలుగూ బచ్చప్ప చేతిలో పెట్టాడు.

"ఇవి నీ కాడ పెట్టుకో."

"ఎందుకన్నా?"

"పెట్టుకోరా అంటే."

"పంది తప్పితే?"

"తప్పితే తప్పింది. దారాలు కట్టేదానికి మీ వదినకు నడుము నొప్పంట."

బచ్చప్పకు దారం సంగతి తెలియదు కాబట్టి ఆ మాట అర్థం కాలేదు. చేతిలో బరువు మాత్రం అర్థమైంది. నాలుగు తూటాలూ పంచె మడతలో చెక్కుకుని, ఇందాక జరిగినంత మేర మళ్ళీ ఇటు జరిగి కూర్చున్నాడు.

తుమ్మచెట్లలోంచి పందులు గుంపుగా దూకాయి. అన్నిటికంటే ముందు కోరల మగపంది. దొడ్డమునియప్ప ఊపిరి బిగబట్టి పేల్చాడు. తూటా ఎక్కడికి పోయిందో ఆ తూటాకే తెలియాలి. పంది బెదిరి తిన్నగా మంచె కిందకే వచ్చి, గుంజను ఒక్క గుద్దు గుద్దింది. మంచె ఊగింది. ముసలివాళ్ళిద్దరూ ఒకర్నొకరు వాటేసుకుని, తమ తమ ఇంటి దేవుళ్ళని పేర్లు పెట్టి పిలిచారు. పంది గుంపుతో సహా గట్టు దాటి, బచ్చప్ప చేను తొక్కుకుంటూ పారిపోయింది.

"ఇంగోటి నాయనా!" చేని మధ్య నుంచి పురుషోత్తమ్ గొంతు చించుకుంటున్నాడు. "బాగయింది గదా! ఇంగోటి!"

"ఒకటి చాలు," అన్నాడు దొడ్డమునియప్ప. ఆ మాట అన్న ప్రతిసారీ గుండెలో ఏదో గుచ్చుకునేది. ఈసారి ఏమీ గుచ్చుకోలేదు.

బచ్చప్ప మంచె మీద లేచి నిలబడి, అలవాటు కొద్దీ అరిచాడు. "కడుపుతో ఉండేదప్పా! దొడ్డన్న వదిలేసినాడు!"

"కోరలుండాయి దానికి!" అని కింద నుంచి పురుషోత్తమ్ ఏడుపు గొంతుతో అరిచాడు. ఆ లైసెన్సు ఏదో తన పేరు మీదికి మార్చుకునేదాకా వేరుశనగ వేస్తే చెప్పుతో కొట్టండని, డబ్బాలు పట్టుకున్నవాళ్ళకు చెప్పుకున్నాడు.

చీకటి పడేలోగా ఇద్దరూ మెల్లగా నిచ్చెన దిగారు. ముందు బచ్చప్ప దిగి, తుపాకి అందుకుని, దొడ్డమునియప్పకు చెయ్యిచ్చి దింపి, తుపాకి తిరిగి ఇచ్చాడు. గట్టు దగ్గర ఎవరి దారిన వాళ్ళు విడిపోవాలి. అప్పుడు బచ్చప్ప పంచె మడత విప్పి, నాలుగు తూటాలూ తీసి, దొడ్డమునియప్ప అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"ఇంగ నీ కాడే ఉండనీ అన్నా," అన్నాడు.

అని, వెనక్కి తిరిగి చూడకుండా, తుపాకికి వీపు పెట్టి, తన చేను మధ్యగా ఇంటికి నడిచాడు. దొడ్డమునియప్ప తూటాలు జేబులో వేసుకుని, అతను కనపడినంతసేపూ గట్టు మీదే నిలబడ్డాడు.